పడమటి గీత

మొన్న బళ్ళారి పక్కన కుడతినిలో పవర్ ప్లాంటు కాలనీ వాళ్ళు కొత్తగా కట్టుకున్న బ్యాడ్మింటన్ ఇండోర్ హాలు తెరిచేదానికి నన్ను పిలిచినారు. రిబ్బన్ కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి, శాలువా కప్పించుకున్నాక, "ఒక్క సర్వీసు వెయ్యండి మేడమ్, ఫోటో తీసుకుంటాం" అని ఒక ఇంజనీరు నా చేతికి రాకెట్టు ఇచ్చినాడు. కోస్తా నుంచి వచ్చి ఈడ స్థిరపడిన పిల్లోడు, మర్యాద ఎక్కువ. కొంగు నడుముకు దోపుకోని, గీత తావ నిలబడి, కాక్ చేతిలో పట్టుకోని అట్లే ఆగిపోయినా. నాకు తెలియకుండానే మెడ పడమరకు తిరిగింది. "ఏం చూస్తున్నారండీ?" అన్నాడు ఇంజనీరు. "గాలి" అన్నా. ఆయన పైకప్పు చూసి, నాలుగు గోడలూ చూసి, "ఇందులో గాలెక్కడిది మేడమ్, అన్నీ మూసేశాం కదా" అని నవ్వినాడు. చుట్టూ ఉన్నోళ్ళంతా నవ్వినారు, నేనూ నవ్వినా. ఇన్నేండ్లు యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన ముసలిదానికి మూసిన హాల్లో గాలి ఉండదని తెలీదా? నాకు తెలుసు, నా మెడకే తెలీదు. ఆ మెడ బళ్ళారి సత్యనారాయణపేటలో తయారైంది. దాన్ని మార్చుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే దానిమీదనే డాక్టరేటు తీసుకున్నా. గొప్పలు చెప్పుకుంటాండాది అనుకుంటే అనుకోండి. ఈ వయసులో నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఇంకెవరు చెప్తారు.

సత్యనారాయణపేటలో మా ఇల్లు రెండు భాగాలు. ముందరి గది నాయన అంగడి, వెనక మేము. నాయన పేరు లింగప్ప, టైలరు. ఇప్పుడంటే బళ్ళారి జీన్స్ ప్యాంట్ల కోసం యాడెయాడి నుంచో లారీలు వస్తాండాయి గానీ, అప్పటికి మా పేటలో ఖాకీ నిక్కర్లు, స్కూలు డ్రెస్సులు, పెండ్లిళ్ళకు జాకెట్లు, అంతే. పొద్దున లేస్తానే ముక్కుకు తగిలేది మిషను నూనె వాసన, దాని వెనకాలే ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకునే వాసన, ఆ తర్వాత వంటింట్లో నుంచి జొన్నరొట్టె కాలే వాసన. రొట్టెలు మా అవ్వ చేసేది, నాయనను కన్నతల్లి. పెనం మీద రొట్టె తిరగేస్తానే, ఎవరు లేచినారు, ఎవరు లేవలేదు అని గొంతెత్తి హాజరు పిలిచేది. లేవనోళ్ళకు ఆఖరి రొట్టె, అదీ మాడింది. మా అమ్మ మాట తక్కువ మనిషి. నాయన కత్తిరించి పడేసిన ముక్కల్లో మంచివి ఏరుకోని బొంతలు కుట్టేది. నా వంతు కాజాలు. స్కూలు నుంచి వచ్చినంక గడప తావ కూర్చోని అంగీలకు కాజాలు కుట్టాల, గుండీలు వేయాల. ఆ పని మీద నాకెంత కోపమంటే, ఇప్పటికీ గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుంటా గానీ సూది పట్టను.

మా ఇంటి వెనక ఒక పత్తి గోడౌను, దాని ముందర పెద్ద బయలు. పత్తి వచ్చే కాలంలో బండ్లు, బేళ్ళు, హమాలీలు, కాలు పెట్టను సందుండదు. మిగతా నెలలన్నీ ఖాలీ. మా హైస్కూలు డ్రిల్లు సార్ ఆ గోడౌను సాహుకారును బతిమాలి బయల్లో ఒక బ్యాడ్మింటన్ కోర్టు వేయించినాడు. మొరం పరిచి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, సున్నంతో గీతలు గీసి, రెండు ఇనుప పైపులు పాతి నెట్టు కట్టినారు. సార్ ఆట నేర్పేటప్పుడు లెఫ్టు, రైటు అనేటోడు. మాకు అది ఎక్కేదే కాదు. ఇంట్లో చెంబు యాడుండాది అంటే ఉత్తరం గూట్లో అని చెప్పేటోళ్ళం, బస్సులో పక్కన కూర్చున్నోళ్ళను కొంచెం తూర్పుకు జరగమ్మా అనేటోళ్ళం, మాకు లెఫ్టూ రైటూ యాడ పనికొస్తాయి? ఈ కొసన నిలబడితే ఒక రైటు, ఆ కొసకు పోతే ఇంకో రైటు, తల తిరిగిపోయేది. అందుకని కోర్టు గీతలకు మేమే పేర్లు పెట్టుకున్నాం. ఈ పక్కది తూర్పు గీత, ఆ పక్కది పడమటి గీత. కొన్నాళ్ళకు సారే ఓడిపోయి, "రత్నా, పడమరకు కొట్టు, పడమరకు" అని అరిచేది నేర్చుకున్నాడు.

పడమర మాకు అంత ముఖ్యం ఎందుకంటే గాలి ఆ పక్క నుంచే వస్తాది. బళ్ళారి అంటే బయటోళ్ళకు ఎండ ఒక్కటే తెలుసు, గాలి సంగతి తెలీదు. పొద్దు పొడవక ముందు వేపాకు కూడా కదలదు. ఎండ పోయి కోట గుట్ట బండల మీద పడేకొద్దీ మెల్లగా లేస్తాది. కాక్ అంటే ఏముంది, ఒక బెండు ముక్కకు గుచ్చిన ఈకలు, బరువే ఉండదు. ఎత్తుగా కొడితే గాలి దాన్ని మోసుకోని పోయి తూర్పు గీత అవతల పడేస్తాది. అందుకని కాక్ ఎక్కడ పడాలనో అక్కడికి కొట్టకూడదు. పడమటి గీత మీదికి కొట్టాల, గాలి ఎక్కువైతే గీత దాటించి బయటికే కొట్టాల. అప్పుడు గాలే దాన్ని లోపలికి తెచ్చిపెడతాది. గాలికి మూరెడు ఇయ్యాల అనేది మా కోర్టులో మొదటి పాఠం. నాయన లైనింగు గుడ్డ పీలికలు రెండు పైపుల నెత్తిన కట్టినాడు. అవి ఎగిరే తీరు చూసి, ఈ పొద్దు జానెడా, మూరెడా, బారెడా అని తేల్చుకునేటోళ్ళం. కొన్నేండ్లకు నాకు పీలికలు చూసే పని కూడా లేకపోయింది. మెడకు గాలి తగిలితే చాలు, చెయ్యి దాని లెక్క అది వేసుకునేది.

మాకు దొరికే కాక్‌లు ఆఫీసర్లు వాళ్ళ క్లబ్బులో ఆడి పారేసినవి. సార్ వాటిని సంచిలో వేసుకోని వచ్చేటోడు. ఒకదానికి రెండు ఈకలు ఉండవు, ఇంకోదానికి సగం ఉండవు. అమ్మ రెండు కాక్‌లు విప్పి ఒకటి చేసేది, దారంతో కట్టి మైదా గంజి పూసి ఆరబెట్టేది. బొంతలు కుట్టే చెయ్యి కదా, గట్టి పని. అయితే మా ఊరి ఎండకు ఈకలు పెళుసెక్కి, రెండు దెబ్బలకే పుటుక్కున విరిగేవి. వాటికి ఆవిరి పట్టిస్తే మెత్తబడతాయని సార్ చెప్పినాడు. నేను పోయి అన్నం కుండ మీద పట్టినా. అవ్వ చూసి ఇల్లెగరగొట్టింది. "అది కోడో కొంగో యాడ చచ్చిందో తెలీదు, దాని ఈకలు తెచ్చి అన్నం మీద పట్టేదేందే? రేపు పీతిగుడ్డలు కూడా పట్టు." వారానికోసారి కోడిని కోసి తినే ఇల్లే మాది, అయినా ఆమె శాస్త్రం ఆమెది. ఆఖరికి ఉలవలు ఉడికే కుండ మీద పట్టుకోవచ్చని ఒప్పందం కుదిరింది, ఎందుకంటే ఉలవలు ఎద్దులకు కూడా పెడతారంట. నేను పట్టేది ఆమెకు నచ్చలేదు. "అట్ల ముంచుతారా? ఇటియ్యి" అని లాక్కోని, పట్టకారుతో పట్టి, తిప్పి తిప్పి ఆవిరి పెట్టేది. ఆ తర్వాత ఆ పని ఇంకెవరినీ ముట్టనీయలేదు. మా కోర్టులో కాక్ కొడితే ఉలవల వాసన వచ్చేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆషాఢం వస్తే మాత్రం మూరెడు, బారెడు లెక్కలన్నీ పనికిరావు. ఆ గాలికి రేకులు లేస్తాయి, నాయన అంగడి ముందర తగిలించిన నిక్కర్లు పోయి పక్క వీధిలో తేలుతాయి. పెద్దోళ్ళంతా రాకెట్లు అటక మీద పెట్టేసేటోళ్ళు. మేము కొంతమంది ఆడపిల్లలం మాత్రం మానలేదు, ఆట మానితే ఇంట్లో కాజాలే కదా. కాక్ పైకి లేస్తే కదా గాలికి దొరికేది, పైకి లేపకుండా ఆడదాం అనుకున్నాం. నెట్టు మీద బెత్తెడు ఎత్తులో, గోడకు మేకు కొట్టినట్ల, అడ్డంగా టపటపా కొట్టేది. ఎదుటిది వెనక్కు పోతే నెట్టు పక్కనే మెల్లగా జార్చేది. మోకాళ్ళు వంచి, నడుము వంచి, రాకెట్టు మొహం ముందర పెట్టుకోని, ఊపిరి తీసుకోను సందు లేకుండా ఆడాల. దానికి మేము గాలాట అని పేరు పెట్టుకున్నాం. ఆ నెలంతా ఆడితే తొడలు రాళ్ళయ్యేవి. డ్రిల్లు సార్‌కు అది చూస్తే వొళ్ళు మంట. "ఇది బ్యాడ్మింటన్ కాదు, పిచ్చికుక్కను తరిమినట్ల ఉండాది" అనేటోడు.

నేను డిగ్రీ ముగించేటప్పటికి జిల్లాలో ఆడపిల్లల్లో నన్ను గెలిచేటోళ్ళు లేరు. నాకు యూనివర్సిటీకి పోయి వ్యాయామ విద్యలో పీజీ చదవాలని ఉండె. మార్కులు చూస్తే అంతంత మాత్రం, హాస్టలుకు కట్టే స్తోమత లేదు. ఒకటే దారి ఉండె. యూనివర్సిటీ జట్టులో చోటు దొరికితే ఆటగాళ్ళ కోటాలో సీటు, హాస్టలు రెండూ వస్తాయి. ఆ జట్టుకు ఎంపిక పోటీలు ధారవాడలో పెట్టినారు. సరిగ్గా ఆ వారమే మా మేనమామ వాళ్ళ ఊరు హచ్చొళ్ళి నుంచి దిగినాడు. మా అమ్మ తమ్ముడు హనుమంతప్ప, హైస్కూల్లో లెక్కల మేష్టరు. మా ఇండ్లల్లో మొదట డిగ్రీ చదివింది ఆయనే, అందుకని చదువు విషయంలో ఆయన మాటకు ఎదురుండేది కాదు. నాకు టీచరు ట్రైనింగులో సీటు మాట్లాడి వచ్చినాడు. ఇంటర్వ్యూకు పోతే చాలు, పని అయిపోయినట్లే. ఆ ఇంటర్వ్యూ కూడా ఆ వారమే, ధారవాడకు పోతే అది పోతాది.

ఆ పొద్దు అంగట్లో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉండాయి. మామ కుర్చీలో కూర్చున్నాడు, నాయన మిషను మీద, నేను గడప తావ కాజాలు ముందరేసుకోని.

"ఆట ఆటే బావా, అది చదువు కాదు" అన్నాడు మామ. "ఎగిరినన్నాళ్ళు ఎగురుతాది, కాళ్ళు నొచ్చినంక ఏం చేస్తాది? మేష్టరమ్మ అయితే జీవితమంతా నీడలో కూర్చోని బతుకుతాది. నేను చెడు చెప్తానా?"

"నువ్వు చెడు చెప్తాండావని నేను అన్నానా ఆంజినప్పా" అన్నాడు నాయన, మిషను ఆపకుండానే. మామను ఆయన అట్లే పిలిచేటోడు. "నేను నాలుగో క్లాసు. చదువంటే ఏందో నీ మాదిరి నాకు తెలీదు. పాప పొద్దున్నే లేచి ఆ కాక్ ఎట్ల పోతాది, గాలి ఎంతుంది అని లెక్కలేసేది దినామూ చూస్తాండా. అది చదువు కాకపోతే మరేంది?"

"లెక్కలు నాకు చెప్తాండావా బావా?" అని మామ నవ్వినాడు.

అప్పుడు మిషను ఆగింది. నాయన నా పక్క తిరిగి, "యాడికి పోతావు పాపా?" అన్నాడు. "ధారవాడకు" అన్నా. "సరే" అన్నాడు. మామతో, "ఇది ఆటతోనే నీకంటే పెద్ద చదువు చదువుతాదిప్పా, చూస్తా ఉండు. చదవకపోతే మళ్ళ నీ మాటకు నేను ఎదురు చెప్పను" అన్నాడు. అంత మాట ఎందుకు అన్నాడో నాకు తెలీదు, కోపంలో అన్నాడో నమ్మకంతో అన్నాడో. నేనుగానీ ఓడిపోతే ట్రైనింగు సీటూ లేదు, యూనివర్సిటీ సీటూ లేదు, మళ్ళ కాజాలే. దానితోపాటు నాయన మాట కూడా పోతాది, అదీ పేటంతా విన్న మాట, ఎందుకంటే మా అంగట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పని లేనోళ్ళు కూర్చోని ఉండేటోళ్ళు.

పెండ్లిళ్ళ కాలంలో, కుట్టాల్సిన జాకెట్లు అట్లే వదిలి, అంగడి మూసి నాయన నాతో వచ్చినాడు. ధారవాడలో అంతా పచ్చన, సన్నగా తుంపర. నేను మొదటిసారి ఇండోర్ హాల్లో కాలు పెట్టింది అక్కడే. కొయ్య పలకల నేల, పైన దీపాలు, గుడి గర్భగృహం మాదిరి నిశ్శబ్దం. మొదటి ఆటలో నా ఎదురుగా నిలబడిన పిల్ల మెత్తగా మాట్లాడే మనిషి, "యావ ఊరు రీ?" అని అడిగింది. బళ్ళారి అంటే, "అబ్బా, ఎండ" అంది. ఆమెకూ ఎండే తెలుసు. ఆట మొదలైంది. నేను ఎత్తుగా, ఆమె వెనక మూలలో, గీత తావ పడేట్లు ఒక దెబ్బ కొట్టినా. చాలా చక్కని దెబ్బ. ఔట్ అన్నారు. ఇంకోటి కొట్టినా, ఔట్. ఆ ఆటంతా అదే పాట. కొట్టే దెబ్బ కొట్టినట్లే ఉండాది, చెయ్యి తప్పలేదు, కాలు తప్పలేదు, కాక్ మాత్రం పోయి గీత బయట పడతాండాది. ఆ పిల్ల పెద్ద కష్టపడకుండానే నన్ను ఓడించి, పాపం, నా చెయ్యి పట్టుకోని సారీ చెప్పింది. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చోని ఏడ్చినా. ఏడ్చినా అని చెప్పేదానికి నాకేం సిగ్గు లేదు.

నాయన పక్కన వచ్చి కూర్చున్నాడు. సంచిలో నుంచి అమ్మ కట్టిచ్చిన బొరుగులు తీసి నా ఒడిలో పెట్టినాడు. "అన్నీ పడమరకే పడినాయి పాపా" అన్నాడు.

నేను ఏడుపు ఆపి చూసినా.

"మనూరు గాలి మనతో రాలేదు" అన్నాడు. "నువ్వు అది ఉండాదనే కొడతాండావు."

నిజమే. ఆ మూసిన హాల్లో కూడా పడమర ఏ పక్కుందో నా ఒంటికి తెలుసు, గడప దాటేటప్పుడే తెలుసుకోని పెట్టుకుంది. ప్రతి దెబ్బా మూరెడు పడమరకు ఇస్తాండాది. లోపలికి తెచ్చిపెట్టే గాలి లేదు, అందుకని కాక్ ఇచ్చిన చోటనే పడిపోతాండాది. సాయంత్రం హాలు ఖాలీగా ఉంటే వాచ్‌మన్‌ను అడిగి లోపలికి పోయి కొట్టి చూసినా. గాలి లేదు, గాలి లేదు అని మనసులో అనుకుంటా కొట్టినా. అనుకున్నంతసేపు లోపల పడేది, అనుకోవడం మరిస్తే మళ్ళ పడమర. ఆటలో ప్రతి దెబ్బకూ ఎవరు అనుకుంటా కూర్చుంటారు? పదేండ్లు నేర్చుకున్న ఒళ్ళు ఒక సాయంత్రంలో మాట వింటుందా? నాకు మొండి కోపం వచ్చింది. గాలి లేదంటే ఈ ఒళ్ళు నమ్మదు కదా, సరే, గాలి ఉండాదనే ఆడదాం. మూరెడు గాలి కాదు, ఆషాఢం గాలి ఉండాదని ఆడదాం అనుకున్నా. ఆషాఢంలో కాక్‌ను పైకే లేపం కాబట్టి, గాలికి ఇచ్చేదీ ఉండదు, అది తిరిగి తెచ్చేదీ ఉండదు.

ఎంపిక పోటీ కాబట్టి ఒక ఆట ఓడినంత మాత్రాన ఇంటికి పంపరు, మిగిలినోళ్ళతో కూడా ఆడాల. మర్నాడు నేను ఆడింది గాలాట. నెట్టు మీద బెత్తెడు ఎత్తు దాటకుండా, అడ్డంగా, టపటపా. ఎదురుగా ఉన్న పిల్ల ఎత్తుగా ఎత్తితే, నేను దాన్ని కిందికి దించి మళ్ళ బెత్తెడు ఎత్తుకే తెచ్చేదాన్ని. హాల్లో పెరిగినోళ్ళకు ఎత్తు ఆట అందంగా వస్తాది, వాళ్ళకు టైమ్ కావాల, వెనక్కు వంగి చెయ్యి ఎత్తేంత సందు కావాల. ఆ సందు నేను ఇయ్యలేదు. వాళ్ళ రాకెట్టు నెత్తి మీద ఉంటాది, నా కాక్ వాళ్ళ బొడ్డు తావ ఉంటాది. ఒకామె తర్వాత ఒకామె వచ్చి ఓడిపోయినారు. కూర్చున్నోళ్ళు మొదట నవ్వినారు, తర్వాత లేచి నిలబడి చూసినారు. ఆఖరి ఆటలో నా తొడలు వణుకుతాండాయి, అయినా ఆషాఢం నెలంతా ఆడిన తొడలవి, పడిపోలేదు. పేర్లు చదివినప్పుడు నా పేరు మూడోది. ఎంపిక చేసే పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చి, "ఇదేం ఆటమ్మా, యారు కలిసిద్దు?" అని అడిగినాడు, ఎవరు నేర్పినారని. నేను నోరు తెరిచే లోపల నాయన, "మా పేటలో అందరూ ఇట్లే ఆడతారు సార్" అన్నాడు. పేటలో సగం మంది కాక్‌ను చేత్తో కూడా ముట్టలేదు. ఆయన మొహం చూస్తే మాత్రం ఎవరైనా నమ్ముతారు.

ఆ చోటుతో సీటు వచ్చింది, హాస్టలు వచ్చింది, పీజీ అయింది, యూనివర్సిటీ తరఫున కొన్నేండ్లు దేశమంతా తిరిగి ఆడినా. మోకాలు మొరాయించినంక, అదే యూనివర్సిటీలో చెప్పే ఉద్యోగంలో చేరినా. పరిశోధనకు ఏం తీసుకుంటావని అడిగితే, బయలు కోర్టులో నేర్చుకున్న పిల్లలు హాల్లోకి వస్తే వాళ్ళ దెబ్బలు ఏ పక్కకు తప్పుతాయి, ఎన్నాళ్ళకు సర్దుకుంటాయి, అది చూస్తానని చెప్పినా. కమిటీలో ఒకాయన, "గాలి మీద పీహెచ్‌డీనా? ఫిజిక్స్ వాళ్ళ దగ్గరికి పోమ్మా" అన్నాడు. అందరూ పకపకా నవ్వినారు. నేను కూర్చున్న చోట నుంచి లేవలేదు. నా మొదటి ఓటమి సంగతి వాళ్ళకు చెప్పినా, పడమటి గీత సంగతి చెప్పినా. నవ్విన ఆయనే ఆఖరికి, చేసి చూడు అన్నాడు. శిరుగుప్ప తాలూకాలో కాలువ కింది ఊర్లన్నీ తిరిగినా. వరి కోసినంక కళ్ళాల్లో నెట్టు కట్టుకోని ఆడే పిల్లలను పట్టుకోని హాలుకు తెచ్చి ఆడించినా. హచ్చొళ్ళి పిల్లలను పోగు చేసి పంపింది ఎవరనుకున్నారు? మా మామే. ఆదివారాలు తానే గొడుగేసుకోని వచ్చి, కాక్ పడిన చోట సున్నంతో గుర్తు పెట్టేటోడు. ఎండకు మొహం కమిలిపోయినా వచ్చేటోడు. అయినా మాట మాత్రం మార్చలేదు. "నీకోసం వస్తాండా రత్నా, దీన్ని చదువు అని నేను ఒప్పుకున్నానని అనుకోవద్దు" అనేటోడు. అంత మొండి మనిషి, అంత ప్రేమ.

ఇప్పటి పిల్లల ఆట నేను తక్కువ చేసి మాట్లాడను. మొన్న కుడతిని హాల్లో చూస్తిని కదా, వాళ్ళ బూట్లు, వాళ్ళ కాళ్ళ వేగం, కొత్త డబ్బాలో నుంచి తీసిన తెల్లని కాక్‌లు. మా కాలంలో అన్ని ఈకలూ ఉన్న కాక్ చూడాలంటే బొమ్మలోనే. వాళ్ళు మాకంటే బాగా ఆడతారు, అది నిజం, ఒప్పుకోవాల. అయితే ఎవరో వచ్చి తలుపు తీస్తే నలుగురూ ఆట ఆపి, "తలుపెయ్యండి, గాలొస్తాంది" అని అరుస్తారు. మాకు తలుపే లేదు. ఉన్నదాంట్లో ఆడుకున్నాం, లేనిదాన్ని కూడా లెక్కలోకి తీసుకోని ఆడుకున్నాం. అది గొప్పా అంటే, నా మటుకు గొప్పే. నా దగ్గర చదివిన పిల్లలు ఈ పొద్దు చానామంది కాలేజీల్లో పాఠాలు చెప్తాండారు. ఆ పాఠాల్లో మా సత్యనారాయణపేట పడమటి గీత కూడా ఒక పాఠం. వాళ్ళు దానికి ఇంగ్లీషులో పెద్ద పేరు పెట్టుకున్నారు, పెట్టుకోనీ.

డాక్టరేటు ఆఖరి పరీక్ష అందరి ముందర జరుగుతాది, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. దాన్ని ఓపెన్ వైవా అంటారు. అవ్వ అప్పటికి లేదు. అమ్మ, నాయన, మామ ముగ్గురూ బళ్ళారి నుంచి వచ్చి రెండో వరుసలో కూర్చున్నారు. నాయన కొత్త అంగీ తనే కుట్టుకోని వచ్చినాడు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు నన్ను ఇంగ్లీషులో గుచ్చి గుచ్చి అడిగినాడు. నేను నిలబడి ఒక్కోదానికీ జవాబు చెప్పినా. ముగ్గురికీ అందులో ఎంత అర్థమైందో తెలీదు, మామకు కొంత అయి ఉంటాది. అంతా అయినంక పరీక్షకుడు లేచి, ఈమెకు డాక్టరేటు ఇవ్వవచ్చని సిఫార్సు చేస్తాండామని చెప్పినాడు. చప్పట్లు కొట్టినారు. అక్కడ ఒక ఆచారం ఉండాది, సభలో ఎవరికైనా ప్రశ్నలుంటే అడగవచ్చు. ఊరికే మాటవరసకు అంటారు, ఎవరూ అడగరు. ఆయన కూడా కన్నడంలో మాటవరసకే అన్నాడు.

రెండో వరుసలో నాయన లేచినాడు. అమ్మ ఆయన అంగీ కొస పట్టుకోని గుంజింది, ఆయన వదిలించుకున్నాడు.

"నమస్కారం సార్. ఈమె మా పాప. నేను టైలరును. ఒకటి అడగొచ్చునా?" మా ఊరి కన్నడం, సగం తెలుగు.

"అడగండి" అన్నాడు పరీక్షకుడు.

"ఆట చదువేనా సార్?"

పరీక్షకుడు ఒక క్షణం ఆయన పక్క చూసి, ఎగతాళి చేయకుండా, నెమ్మదిగా, "చదువే సార్. మాకు ఉన్న చదువుల్లో దీనికంటే పెద్దది లేదు" అన్నాడు.

"అది నాకు ముందే తెలుసు సార్" అన్నాడు నాయన. పక్కన కూర్చున్న మామ భుజం మీద చెయ్యి వేసినాడు. "ఈయన మా బావమరిది, మేష్టరు. మీ మాదిరి చదువుకున్నోళ్ళ నోటితో వినాలని ఇన్నేండ్లుగా కూర్చోనుండాడు. ఆయనకు వినపడేట్ల ఇంకొక్కసారి చెప్పండి."

హాలు నవ్వులతో పగిలిపోయింది. మామ తల దించుకోని, కండ్లద్దాలు తీసి తుడుచుకుంటా, "వినపడింది బావా, ఇంక కూర్చో" అన్నాడు.

నాయన కూర్చోలేదు. పరీక్షకుడు రెండోసారి చెప్పేదాకా నిలబడే ఉన్నాడు.